చెక్కుబందీ తెలిస్తే దేశం దొరుకుతుంది

కిందటి నెల ఈ శీర్షికలో పేర్లు లేని ప్రపంచ పటం ఒకటి వేసి, పక్కన పది దేశాల పేర్లు ఇచ్చాం. ఉక్రెయిన్, కువైట్, జార్జియా, ఈక్వెడార్, మయన్మార్, ఇరాన్, మొజాంబిక్, ఒమన్, పోలండ్, చిలీ. ఇంట్లో కాలేజీ చదువుల పిల్లలుంటే వాళ్ళ చేత గుర్తు పెట్టించి, ఎలా పెట్టారో రాయమని అడిగాను. ఉత్తరాలు చాలా వచ్చాయి. కోపంతో రాసినవాళ్ళున్నారు, బాధతో రాసినవాళ్ళున్నారు. పిల్లలే రాసి నన్ను నిలదీసినవీ ఉన్నాయి. నేను 31 ఏళ్ళు తూర్పు గోదావరిలో డిగ్రీ పిల్లలకు భూగోళం చెప్పాను. ఏటా క్లాసు మొదలైన రోజున చేసే మొదటి పని, ఖాళీ పటం చేతికివ్వడమే. ఈ ఉత్తరాలు చదువుతుంటే మళ్ళీ ఆ క్లాసు గదిలో నిలబడ్డట్టే అనిపించింది. ఈసారి ఆరు ఉత్తరాలకు జవాబు రాస్తున్నాను.

మా అబ్బాయి బీటెక్ మూడో సంవత్సరం. పదింటిలో రెండే సరిగ్గా పెట్టాడు. ఈక్వెడార్‌ను ఆఫ్రికాలో పెట్టాడు. వాళ్ళ తాతగారు ఏడో తరగతితో చదువు ఆపేసి రొయ్యల చెరువులు చేసుకునే మనిషి. ఆయన మాత్రం ఒక్క క్షణం ఆలోచించకుండా దక్షిణ అమెరికా పడమటి ఒడ్డున వేలు పెట్టారు. ఇంతింత ఫీజులు కట్టి చదివిస్తే ఇదేనా? వాడి తెలివి మీదే అనుమానం వస్తోంది మేడమ్.
- ఒక తల్లి, ఆకివీడు

అమ్మా, అబ్బాయి తెలివిని శంకించకండి. తాతగారికి ఈక్వెడార్ ఎందుకు తెలుసో ఒక్కసారి ఆలోచించండి. రొయ్యల ఎగుమతిలో ఇవాళ ప్రపంచంలో అందరికంటే ముందున్న దేశం అది. మన వనామీ రకం రొయ్య, వాళ్ళ వనామీ అమెరికా మార్కెట్‌లో ఒకదానితో ఒకటి పోటీ పడతాయి. వాళ్ళకు అమెరికా దగ్గర, మన కాకినాడ, విశాఖ రేవుల నుంచి చాలా దూరం. కౌంట్ ధర, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో చూసి కట్టే ధర, పడిపోయినప్పుడల్లా చెరువు గట్టు మీద ఆ దేశం పేరు వినిపిస్తుంది. ధర ఎందుకు పడిందని అడిగిన రోజునే తాతగారికి ఈక్వెడార్ పరిచయమై ఉంటుంది. కడుపుకు సంబంధించిన పనితో పరిచయమైన చోటును మనిషి మరిచిపోడు. మనవడికి ఆ దేశంతో పని పడలేదు, అంతే తేడా.

పదో తరగతి సోషల్ పరీక్షలో మ్యాప్ పాయింటింగ్ మీ అబ్బాయి కూడా చేసే ఉంటాడు. అక్కడ మార్కులు ఖాయమని టీచర్లు నెల రోజులు అదే పనిగా చుక్కలు పెట్టిస్తారు. పరీక్ష రోజుకు చేతికి వచ్చేస్తుంది. ఆ తర్వాత పిల్లవాడు ఎంపీసీలో చేరతాడు. ఇంటర్ రెండేళ్ళు, ఇంజనీరింగ్ మూడేళ్ళు, మొత్తం ఐదేళ్ళలో అతని ముందు ఒక్క పటం కూడా పరిచినవాళ్ళు లేరు. ఐదేళ్ళు నోట పలకకపోతే చిన్నప్పటి శతక పద్యాలే మరిచిపోతాం. పటం మరిచిపోవడంలో వింతేముంది? నాకు బాధ కలిగించేది పిల్లలు మరిచిపోవడం కాదు, ఇంటర్మీడియట్ గుమ్మం దగ్గరే వాళ్ళ చేతిలోని అట్లాసు మనం లాక్కోవడం.

ఇది మన ఒక్కళ్ళ లోటు కూడా కాదు. 2002లో నేషనల్ జియోగ్రాఫిక్ సంస్థ తొమ్మిది దేశాల్లో 18 నుంచి 24 ఏళ్ళ వాళ్ళకు భూగోళం మీద పరీక్ష పెట్టించింది. మనం ఆ తొమ్మిదింటిలో లేము. స్వీడన్ పిల్లలు మొదట నిలిచారు. అమెరికాది చివరి నుంచి రెండో స్థానం. అక్కడి యువతలో 11 శాతం మంది పటంలో తమ దేశాన్నే చూపలేకపోయారు. ఇరాక్‌ను చూపగలిగినవాళ్ళు 13 శాతం. 2006లో అమెరికాలో మళ్ళీ పరీక్ష పెట్టారు. అప్పటికి వాళ్ళ సైన్యం ఇరాక్‌లో దిగి మూడేళ్ళయింది. రోజూ టీవీలో ఆ పేరు వింటూనే ఉన్నారు. అయినా పటంలో చూపగలిగింది 37 శాతమే. 2016లో అక్కడ కాలేజీలో చదువుతున్నవాళ్ళు, చదివినవాళ్ళు కలిపి 1,203 మందికి ప్రపంచ విషయాల మీద పరీక్ష పెడితే సగటు మార్కు 55 శాతం వచ్చింది. పేరు వెయ్యిసార్లు విన్నా చోటు తెలియదని ఈ లెక్కలు చూస్తే అర్థమవుతుంది.

మీ ఇంట్లో దీనికి మందు ఉంది. తాతగారి దగ్గర చెరువు దస్తావేజు ఉంటుంది కదా, అందులో చెక్కుబందీ అని రాసి ఉంటుంది. తూర్పు ఫలానావారి చేను, దక్షిణం పంట కాలువ, పడమర పుంత, ఉత్తరం ఫలానావారి చెరువు. నాలుగు హద్దులు తెలిస్తే ఆ భూమి ఎవరూ తప్పించలేరు. దేశానికీ అంతే. ఈక్వెడార్ చెక్కుబందీ రాయమని తాతగారిని, మనవడిని పక్కపక్కన కూర్చోబెట్టండి. ఉత్తరం కొలంబియా, తూర్పు, దక్షిణం పెరూ, పడమర పసిఫిక్ మహాసముద్రం. ఒక్క దేశం అడిగితే మూడు దేశాలు, ఒక సముద్రం వచ్చాయి చూశారా? ఆ అబ్బాయి దీన్ని మళ్ళీ ఆఫ్రికాలో పెట్టడు.

మా నాన్న పదకొండేళ్ళుగా మస్కట్‌లో ఉంటున్నారు. నేను డిగ్రీ ఫైనలియర్. మీరిచ్చిన పటంలో ఒమన్ దొరకలేదు నాకు. కానీ ఒక మాట అడుగుతాను మేడమ్, ఫోన్‌లో పేరు కొడితే ఏ దేశమైనా కనిపిస్తుంది. ఇవన్నీ బుర్రలో పెట్టుకోవడం ఎందుకు?
- ఒక విద్యార్థి, జగిత్యాల

బాబూ, నువ్వు అడిగింది న్యాయమైన మాటే. పేరు కొడితే ఫోన్ చూపిస్తుంది. కాకపోతే ఆ చిన్న తెర మీద ఆ ఒక్క చోటే పెద్దదిగా కనిపిస్తుంది. దాని పక్కన ఎవరున్నారు, మనకూ దానికీ మధ్య ఏ సముద్రం ఉంది అన్నవి నువ్వు అడిగితేనే చెబుతుంది. అడగాలని నీకు తోచాలంటే కొంచెం ముందే తెలిసి ఉండాలి.

చాలా ఏళ్ళ క్రితం నా క్లాసులో కోనసీమ అబ్బాయి ఒకడు ఉండేవాడు. వాళ్ళమ్మ ఇంటి పని కోసం కువైట్ వెళ్ళి అప్పటికి ఆరేళ్ళు. మొదటి రోజు ఖాళీ పటం ఇస్తే కువైట్‌ను మడగాస్కర్ పక్కన సముద్రంలో పెట్టాడు. క్లాసులో ఏమీ అనలేదు నేను. అందరూ వెళ్ళాక గోడ పటం దగ్గరకు పిలిచాను. కోనసీమ మీద వేలు పెట్టించి, దక్కను దాటించి, అరేబియా సముద్రం దాటించి, ఒమన్ గల్ఫ్‌లోంచి పర్షియన్ గల్ఫ్‌లోకి తీసుకెళ్ళి, ఆ గల్ఫ్ కొసన ఆపాను. స్కేలు పెట్టి కొలిచాడు. మూడున్నర వేల కిలోమీటర్ల పైచిలుకు వచ్చింది. అతను పొద్దున పెట్టిన చుక్క కోనసీమకు ఐదున్నర వేల కిలోమీటర్ల దూరంలో ఉంది. పటం వైపే చూస్తూ, "అమ్మ ఇంత దగ్గర ఉందా మేడమ్?" అన్నాడు.

ఆ తర్వాత టైము సంగతి చెప్పాను. పడమరకు వెళ్ళేకొద్దీ పొద్దు ఆలస్యం. కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక ఉంటుంది. వాళ్ళమ్మ పని ముగించుకుని రాత్రి పదకొండుకు ఫోన్ చేస్తే ఇక్కడ ఒకటిన్నర అవుతుంది. నిద్రమత్తులో సరిగ్గా మాట్లాడడని ఆమెకు బాధ, అర్ధరాత్రి లేపుతుందని ఇతనికి విసుగు. ఆరేళ్ళుగా అలాగే సాగుతోందట. మర్నాటి నుంచి శుక్రవారం పూట ఇద్దరికీ కుదిరే వేళ లెక్కేసుకున్నాడు. అక్కడ సెలవు శుక్రవారం కదా. సంవత్సరం చివర అతను నా టేబుల్ మీద ఒక కాగితం పెట్టి వెళ్ళాడు. చేత్తో గీసిన కువైట్ పటం, కింద చెక్కుబందీ: ఉత్తరం, పడమర ఇరాక్, దక్షిణం సౌదీ అరేబియా, తూర్పు పర్షియన్ గల్ఫ్. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

ఇప్పుడు మీ నాన్నగారి సంగతి చూద్దాం. హోర్ముజ్ జలసంధిలో ఉద్రిక్తత అని వార్త వచ్చినప్పుడల్లా మీ ఇంట్లో టెన్షన్ పడతారని నాకు తెలుసు. ఆ జలసంధి ఇరుకైన చోట 40 కిలోమీటర్లు కూడా ఉండదు. ఉత్తరం ఒడ్డు ఇరాన్‌ది, దక్షిణం ఒడ్డున ఒమన్‌కు చెందిన ముసందం అనే కొండల ముక్క ఉంది. ఆ ముక్కకూ మిగతా ఒమన్‌కూ మధ్య యూఏఈ నేల అడ్డు వస్తుంది. కువైట్, దోహా, దుబాయ్ రేవులు జలసంధికి లోపల ఉన్నాయి. అక్కడి నుంచి ఓడ బయటికి రావాలంటే ఆ ఇరుకులోంచే రావాలి. మస్కట్ దానికి బయట, ఒమన్ గల్ఫ్ ఒడ్డున ఉంది. అక్కడి నుంచి అరేబియా సముద్రం మీదుగా ముంబైకి దారి తెరిచే ఉంటుంది. కష్టం రాదని నేననడం లేదు. వార్త వినగానే ఇది నాన్న ఉన్న చోటుకు ఎంత దూరం, ఏ వైపు అని అమ్మకు నువ్వు పటం మీద చూపించగలవు. ఆ రాత్రి ఇంట్లో వాళ్ళు కాస్త నిద్రపోతారు.

ఇంకొకటి కూడా నీ వయసు వాళ్ళు తెలుసుకోవాలి. 2014లో రష్యా క్రిమియాను ఆక్రమించుకున్నప్పుడు అమెరికాలో ముగ్గురు రాజనీతి శాస్త్రవేత్తలు రెండు వేల మందికి పైగా జనాన్ని ఉక్రెయిన్ ఎక్కడుందో పటంలో చూపమన్నారు. సరిగ్గా చూపింది ఆరుగురిలో ఒకరు. తమ దేశం అక్కడ సైన్యంతో జోక్యం చేసుకోవాలా అని కూడా అడిగారు. చుక్క అసలు చోటుకు ఎంత దూరంగా పెడితే సైన్యాన్ని పంపమనే మొగ్గు అంత ఎక్కువగా కనిపించింది. ఇది చదివిన రోజు నాకు చాలాసేపు వేరే పని తోచలేదు. ఓటు వేసే వయసు వచ్చిన పిల్లలకు ప్రపంచ పటం చూపించడం ఎందుకని ఎవరైనా అడిగితే నేను ముందు ఈ సంగతే చెబుతాను.

మా అమ్మాయికి జార్జియాలో మెడిసిన్ సీటు వచ్చింది. మా బావమరిది కుటుంబం అమెరికాలో అట్లాంటాలో ఉంది. అది కూడా జార్జియానే అంటున్నారు, దగ్గరే కాబట్టి పిల్లను చూసుకుంటారని మా ఆవిడ ధైర్యం. అమ్మాయి కూడా సరిగ్గా చెప్పలేకపోతోంది. రెండూ ఒకటేనా?
- ఒక తండ్రి, ఖమ్మం జిల్లా

కావండీ. ఇలా అడిగినందుకు సంకోచపడకండి, పేరు ఒకటే కావడంతో చాలామంది పొరపడతారు. అట్లాంటా ఉన్న జార్జియా అమెరికాలో ఒక రాష్ట్రం. మీ అమ్మాయి వెళ్ళే జార్జియా ఒక దేశం, ఆసియా, ఐరోపా కలిసే చోట కాకసస్ కొండల పక్కన ఉంది. రాజధాని ట్బిలిసి. అక్కడివాళ్ళు తమ దేశాన్ని సకార్త్వెలో అని పిలుచుకుంటారు. మీ ఖమ్మంలో పాత కమ్యూనిస్టు పెద్దలు ఎవరైనా ఉంటే అడగండి, స్టాలిన్ పుట్టిన దేశం అనగానే గుర్తుపడతారు. గోరీ అనే ఊరు అక్కడే ఉంది.

చెక్కుబందీ రాసుకోండి. ఉత్తరం రష్యా, ఆగ్నేయం అజర్‌బైజాన్, దక్షిణం ఆర్మేనియా, నైరుతి టర్కీ, పడమర నల్ల సముద్రం. మనకంటే గంటన్నర వెనక. అట్లాంటాలో అయితే కాలాన్ని బట్టి తొమ్మిదిన్నర, పదిన్నర గంటలు వెనక. అంటే మీ బావమరిదిగారి కంటే మీరే అమ్మాయికి చాలా దగ్గర.

ఈ చెక్కుబందీ అమ్మాయికి నోటికి వచ్చేదాకా పెట్టె సర్దనివ్వకండి. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలై విమానాలు ఆగిపోయిన రోజు నాకు బాగా గుర్తు. మా వీధిలో ఇద్దరి పిల్లలు అక్కడ మెడిసిన్ చదువుతున్నారు. ఇద్దరి తల్లిదండ్రులూ మా ఇంటికే వచ్చారు. మంచం మీద అట్లాసు పరిచాం. ఒక పిల్ల ఉన్న ఊరు ఉజ్‌హొరోద్, స్లొవాకియా సరిహద్దును ఆనుకునే ఉంది. రెండో పిల్లవాడు ఖార్కివ్‌లో ఉన్నాడు. ఆ ఊరు తూర్పు కొసన, రష్యా సరిహద్దుకు 40 కిలోమీటర్లలో ఉంది. విమానాలు ఎక్కించేది పడమటి దేశాల నుంచి, అంటే పోలండ్, స్లొవాకియా, హంగరీ, రొమేనియాల నుంచి. అంటే ఆ పిల్లవాడు యుద్ధం జరుగుతున్న దేశాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా, వెయ్యి కిలోమీటర్ల పైన, రైల్లో దాటాలి. ఆ రాత్రి వాళ్ళ నాన్న నన్ను అడిగిన మొదటి మాట, "పోలండ్ ఎటు వైపమ్మా?" కొడుకును ఆ దేశానికి పంపి నాలుగేళ్ళయినా ఆయన ముందు ఎవరూ పటం పెట్టలేదు. పిల్లలిద్దరూ క్షేమంగా వచ్చారు. అయినా ఆ ప్రశ్న నా చెవుల్లోంచి పోలేదు. అందుకే మీకు ఇంత గట్టిగా చెబుతున్నాను.

గ్రీన్‌లాండ్ అంత పెద్ద దేశం కదా, అక్కడ జనం ఎందుకు లేరు? పటంలో ఆఫ్రికా అంత ఉంది.
- ఇంటర్ విద్యార్థిని, కర్నూలు

అమ్మాయీ, జనం తక్కువగా ఉండటానికి కారణం మంచు. ఆ దీవిలో చాలా భాగం మీద మంచు పలక కప్పి ఉంది. నువ్వు అనుకున్నంత పెద్దది మాత్రం కాదు. దాని విస్తీర్ణం సుమారు 21.7 లక్షల చదరపు కిలోమీటర్లు. మన దేశం 32.87 లక్షలు. అంటే గ్రీన్‌లాండ్ భారతదేశం కంటే చిన్నది. ఆఫ్రికాలో అయితే 14 గ్రీన్‌లాండ్‌లు పడతాయి. మీ గోడ పటం 1569లో మెర్కేటర్ అనే ఆయన ఓడలు నడిపేవాళ్ళ కోసం తయారుచేసిన పద్ధతిలో గీసింది. దిక్సూచి చూపిన దిక్కు మారకుండా ఓడ పోయే దారి అందులో తిన్నని గీతగా వస్తుంది. ఆ సౌకర్యం కోసం ధ్రువాల వైపు పోయేకొద్దీ నేల సాగిపోతుంది. భూమధ్యరేఖ దగ్గరున్న మనమూ, ఆఫ్రికా వాళ్ళూ చిన్నగా కనిపిస్తాం. సైజులు చూడాలంటే గ్లోబు చూడు. మీ కాలేజీలో బీరువా మీద దుమ్ము పట్టి ఒకటి ఉండే ఉంటుంది, దించమని అడుగు.

గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్నాను. 193 దేశాలు, రాజధానులు బట్టీ పట్టాను. పటం ఇస్తే మాత్రం మీ పదింటిలో నాలుగే వచ్చాయి. పటం గుర్తుండటానికి ఏదైనా చిట్కా చెప్పండి.
- ఒక అభ్యర్థి, గుంటూరు

బట్టీ పట్టిన జాబితా నోటికి పనికొస్తుంది బాబూ, చేతికి పనికిరాదు. పటం చేతికి రావాలి. ముందు నీ ఇంటి వంటగదిలోకి వెళ్ళు. నేను హాస్టల్ పిల్లలకు కూడా ఇదే చెప్పేదాన్ని.

పోపుల డబ్బాలో ఇంగువ తీయి. అది మన దగ్గర పెద్దగా పండదు, అఫ్ఘనిస్తాన్, ఇరాన్, మధ్య ఆసియాల నుంచి వస్తుంది. ఆ దేశాల చెక్కుబందీ రాయి. పొయ్యి పక్కన పామాయిల్ ప్యాకెట్ ఉంటే ఇండోనేషియా, మలేషియా. సన్‌ఫ్లవర్ నూనె అయితే ఉక్రెయిన్, రష్యా, అర్జెంటీనా. 2022లో ఆ నూనె ధర ఒక్కసారిగా ఎందుకు ఎగబాకిందో మీ అమ్మగారికి ఇప్పటికీ గుర్తుంటుంది, అడుగు. ఇడ్లీకి నానబోసిన మినపప్పులో బర్మా మినుము కలిసి ఉండవచ్చు. కందులు తగ్గిన ఏడాది మొజాంబిక్, టాంజానియా, మలావీల నుంచి ఓడల్లో తెప్పిస్తారు. నీకు రాని ఆరింటిలో మొజాంబిక్ ఉండే ఉంటుంది. ఆఫ్రికా తూర్పు ఒడ్డున, మడగాస్కర్‌కు ఎదురుగా పొడుగ్గా ఉన్న దేశం అది. జీడిపప్పు తింటున్నావా? పిక్కల్లో చాలా భాగం పశ్చిమ ఆఫ్రికా నుంచి దిగుతాయి. ఐవరీ కోస్ట్, బెనిన్, గినీ బిస్సావ్. స్విచ్ వేస్తే వెలిగే బల్బుకు వెళ్ళే తీగలో రాగి ఉంది, ప్రపంచంలో అందరికంటే ఎక్కువ రాగి తవ్వేది చిలీ. ఒక్క వంటగదిలో నాలుగు ఖండాలు తిరిగావు.

రెండో పని కొంచెం కష్టం. రాత్రి పడుకోబోయే ముందు తెల్ల కాగితం తీసుకుని, అట్లాసు మూసేసి, ఒక ఖండం గీయి. వంకరగా వస్తుంది, రానీ. గీశాకే అట్లాసు తెరిచి తప్పులు ఎర్ర పెన్నుతో దిద్దుకో. చూస్తూ వంద సార్లు చదివినదాని కంటే, చూడకుండా గుర్తు తెచ్చుకుని గీసి దిద్దుకున్నదే ఎక్కువ కాలం నిలుస్తుంది. మనస్తత్వ శాస్త్రవేత్తలు పటాలు నేర్పించి చూసిన ప్రయోగాల్లోనూ ఇదే తేలింది, నా 31 ఏళ్ళ క్లాసుల్లోనూ ఇదే చూశాను. ఆఫ్రికాతో మొదలుపెట్టు. 1980ల్లో థామస్ సారినెన్ అనే అమెరికా భూగోళ శాస్త్రవేత్త రకరకాల దేశాల విద్యార్థుల చేత జ్ఞాపకం నుంచి ప్రపంచ పటం గీయించాడు. చాలామంది ఐరోపాను ఉన్నదానికంటే పెద్దగా, ఆఫ్రికాను చిన్నగా గీశారు. ఆఫ్రికా పిల్లలు గీసినవాటిలో కూడా ఆ పొరపాటు కనిపించింది. 54 దేశాల ఖండం కదా, కాగితంలో దానికి తగిన చోటు ముందే వదులు.

పేర్లు మారినవి కూడా చూసుకో. పాత అట్లాసులో స్వాజిలాండ్ అని ఉంటే అది 2018 నుంచి ఎస్వాటిని. మాసిడోనియా 2019 నుంచి ఉత్తర మాసిడోనియా. సూడాన్ 2011లో రెండయింది.

మా నాయనమ్మ ఎప్పుడూ "మా మావయ్య రంగం పోయి మళ్ళీ రాలేదు" అనేది. నాకు డెబ్బై దాటాయి. డిగ్రీ చదివే మా మనవరాలు మీ పటంలో మయన్మార్‌ను వియత్నాం దగ్గర పెట్టింది. రంగం అంటే రంగూనే అని చెప్పాను, అదెక్కడో మాత్రం నేనూ సరిగ్గా చూపలేకపోయాను. కాకినాడకు అది ఏ వైపు అమ్మా?
- ఒక పెద్దావిడ, కాకినాడ

అమ్మా, నమస్కారం. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నేను మళ్ళీ మళ్ళీ చదివింది మీదే.

రంగం అంటే రంగూనే. కాకినాడకు నేరుగా తూర్పు. ఇంత నేరుగా అంటే, కాకినాడ ఉన్నది భూమధ్యరేఖకు ఉత్తరంగా సుమారు 17 డిగ్రీల దగ్గర, రంగూన్ ఉన్నది 16.8 డిగ్రీల దగ్గర. మీ ఊరి బీచిలో నిలబడి పొద్దు పొడిచే వైపు చూస్తే, మధ్యలో ఏ నేలా అడ్డం లేకుండా, అవతల ఒడ్డున ఉన్నది బర్మా. దూరం దాదాపు 1,500 కిలోమీటర్లు. గీత గీసి కొలిస్తే ఢిల్లీ కూడా ఇంచుమించు అంతే దూరం. మన పూర్వీకులకు ఢిల్లీ ఎటో తెలియకపోయినా రంగం ఎటో తెలుసు. కాకినాడ, విశాఖ, భీమిలి రేవుల నుంచి ఓడలెక్కి, వరి మిల్లుల్లో, రేవుల్లో కూలికి వేల మంది వెళ్ళారు. మీ పక్కనే ఉన్న కోరంగి రేవు పేరు మీద బర్మావాళ్ళు మనవాళ్ళను కోరంగీలు అని పిలిచేవారు. మీ తాలూకా ఊరి పేరు ఒక పరాయి భాషలో మనుషుల పేరైంది.

1942లో జపాన్ సైన్యం బర్మాలోకి వచ్చినప్పుడు ఓడలు దొరకనివాళ్ళు బర్మా పడమటి తీరమైన అరకాన్ వైపు నుంచి, మణిపూర్, అస్సాం కొండల వైపు నుంచి నడిచి బయల్దేరారు. దారిలో ఎంతోమంది చనిపోయారు. మీ నాయనమ్మగారి మావయ్య ఏ దారిన బయల్దేరారో, అసలు అంతకు ముందే అక్కడ స్థిరపడిపోయారో మనకు తెలియదు. మనవరాలికి మాత్రం ఆ కొండలు పటం మీద చూపించండి.

దేశం పేరు 1989లో మయన్మార్ అయింది, రంగూన్‌ను యాంగోన్ అంటున్నారు, రాజధాని కూడా అక్కడి నుంచి నేపిడాకు మారింది. చెక్కుబందీ ఇది: వాయవ్యం భారత్, బంగ్లాదేశ్, ఈశాన్యం చైనా, తూర్పు లావోస్, థాయ్‌లాండ్, నైరుతి బంగాళాఖాతం, దక్షిణం అండమాన్ సముద్రం. వాయవ్యం దగ్గర మనవరాలి వేలు ఒక్క క్షణం ఆపించండి. మిజోరం, మణిపూర్, నాగాలాండ్, అరుణాచల్, ఈ నాలుగు రాష్ట్రాలూ ఆ దేశానికి గట్టు పంచుకున్న పొరుగు. ఆ అమ్మాయి దాన్ని వియత్నాం దగ్గర పెట్టింది గానీ, నిజానికి అది మన పెరటి గోడ అవతలే ఉంది.

ఇప్పుడు కాకినాడ మీద స్కేలు పెట్టించి, పైకీ కిందికీ కదలకుండా తూర్పుకు జరపమనండి. మొదట తగిలే నేల ఐరావతి డెల్టా. కొంచెం లోపలికి వెళ్తే నది ఒడ్డున రంగూన్. ఇంట్లో పాత ట్రంకు పెట్టెలో ఆయన రాసిన కార్డు ఏదైనా మిగిలి ఉంటే, దాని మీద వీధి పేరు చదవడానికి వీలైతే నాకు రాయండి. పాత రంగూన్ పటం నా దగ్గర ఒకటి ఉంది. భూతద్దం పెట్టి ఆ వీధి వెతికి చెబుతాను.